కంబళితో చలి చొక్కా: కత్తెర కంటే ముందు బకెట్

ప్రశ్న: మా తాతగారి కాలంనాటి బూడిదరంగు ఊలు కంబళి ఒకటి ఇంట్లో ఉంది. వెడల్పు 60 అంగుళాలు, పొడవు 90 అంగుళాలు, బరువు కిలో ఏడు వందల గ్రాములు. మా తమ్ముడు డిసెంబరు నెలాఖరులో స్నేహితులతో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎక్కడానికి పోతున్నాడు. ఈ కంబళిని తల మీదుగా తొడుక్కునే దళసరి చొక్కాగా కుట్టి ఇద్దామని ఉంది. వాడి ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, ఛాతీ 38. నాకు జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుట్టడం వచ్చు. ఇంట్లో కాళ్లతో తొక్కే మిషను ఉంది. తెలిసిన టైలరును అడిగితే ‘సూదులు విరుగుతాయి, ఆ జోలికి పోవద్దమ్మా’ అన్నాడు. పైగా ఈ కంబళి ఒంటికి గుచ్చుకుంటుంది. వాడి పాత చొక్కా పరిచి, ఆ కొలతకే కత్తిరించవచ్చా? టోపీ, జిప్పు పెట్టాలా?
ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

సమాధానం: అమ్మా, పాత చొక్కా పరిచి మాత్రం కత్తిరించకండి. కంబళి చొక్కాలు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. పలుచని బట్టకు గీసిన చంక వంపు, భుజం వాలు ఈ మందానికి నప్పవు. బట్ట మందం 3 మిల్లీమీటర్లు ఉంటే లోపలి చుట్టుకొలత బయటి చుట్టుకొలత కంటే దాదాపు ముప్పావు అంగుళం తక్కువగా ఉంటుంది. అది చొక్కా లోపలి చోటే తినేస్తుంది. పైగా లోపల ఒక థర్మల్ బనియను, ఒక స్వెటర్ ఉంటాయి. ఒంటికి అతుక్కున్న కంబళి వెచ్చగా ఉండదు. వెచ్చదనం ఇచ్చేది ఊలు పోగుల మధ్యా, పొరల మధ్యా కదలకుండా నిలిచిన గాలి. ఆ గాలికి చోటు లేకపోతే ఎంత మందం బట్టయినా దండగే.

అందుకే ఈ రకం బట్టకు అన్నీ నలుచదరపు ముక్కలే పెట్టుకోవాలి. కెనడా అడవుల్లో బొచ్చు వ్యాపారం నడిచిన రోజుల్లో హడ్సన్స్ బే కంపెనీ కంబళ్లతో అక్కడివాళ్లు కుట్టుకున్న కపోట్ అనే కోటు కూడా ఇలాంటిదే. కంబళిని వీలైనంత తక్కువ కత్తిరించి, దాని అంచుల్నే చొక్కా అంచులుగా వాడుకునేవారు. మీ తమ్ముడి చొక్కాకు కూడా అదే దారి.

కత్తెరకు ముందు రెండు పరీక్షలు. మొదటిది నిప్పు. పడుగు (నిలువు పోగులు) నుంచి ఒక పోగు, పేక (అడ్డం పోగులు) నుంచి ఒక పోగు లాగి విడివిడిగా కాల్చండి. ఊలైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. నూలైతే కాగితంలా కాలుతుంది. రెండు వైపుల పోగులూ ఎందుకంటే, పడుగు నూలూ పేక ఊలూ కలిపి నేసినవి చాలా ఉంటాయి. పానిపట్ నుంచి వచ్చే చవక కంబళ్లు పాత ఊలు బట్టల్ని చీల్చి మళ్లీ వడికిన దారంతో నేసినవి. వాటిలో పోగులు పొట్టివి. రెండు చేతులతో గట్టిగా లాగితే దూది విడినట్టు విడిపోతాయి. అలాంటిదైతే చొక్కాకు పనికిరాదు, కప్పుకోవడానికే ఉంచండి.

రెండోది వెలుతురు పరీక్ష. తాతగారి కాలం నాటిది అంటున్నారు కాబట్టి కంబళిని తలుపుకు వేలాడదీసి వెనక నుంచి టార్చి కొట్టండి. పురుగు కొట్టిన చిల్లులు చుక్కల్లా కనిపిస్తాయి. ఒక్కోదాని చుట్టూ ఎర్రదారంతో టాకా వేసి గుర్తు పెట్టుకుంటే, ముక్కలు పరిచేటప్పుడు అవి మిగులు బట్టలోకి పోయేలా జరుపుకోవచ్చు.

ఇక బకెట్ పని. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. వేడినీళ్లు, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని బట్ట కుంచించుకుపోతుంది, చిక్కబడుతుంది. స్వెటర్ ఉతికి పాడు చేసుకున్నవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. మనం దాన్ని ముందే, కావాలని, మన చేతుల్లో ఉంచుకుని చేస్తాం. దీనివల్ల మూడు లాభాలు: గాలి దూరడం తగ్గుతుంది, కత్తిరించిన అంచు పోగులు ఊడదు, కుట్టాక మళ్లీ కుంచించుకుపోయే భయం చాలావరకు తగ్గుతుంది. అంచు పోగులు ఊడని బట్టయితే కుట్టు పని సగం తేలికవుతుంది.

ముందు ఒక మూల నుంచి 4 అంగుళాల చదరం కత్తిరించి, దాని రూపం కాగితం మీద గీసి పెట్టుకోండి. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత వేడి నీళ్లలో, అంటే 40 డిగ్రీల దగ్గర, కుంకుడు రసం వేసి 10 నిమిషాలు గట్టిగా పిసకండి. ఆరాక కాగితం మీద పెట్టి చూడండి. ఏ మార్పూ లేకపోతే కంబళిని నేసినప్పుడే చిక్కబరిచారని అర్థం, ఉతికి ఆరబెడితే చాలు. పావు అంగుళం పైన తగ్గితే మొత్తం కంబళికి అదే పని చెయ్యాలి. పై నుంచి బట్టలు వేసే వాషింగ్ మిషను ఉంటే సులువు: గోరువెచ్చని నీళ్లు, కుంకుడు రసం, రాపిడికి రెండు పాత తువ్వాళ్లు. ప్రతి 5 నిమిషాలకు ఆపి టేపుతో కొలవండి. 100కు 8 వంతు తగ్గితే ఆపేయాలి. అంటే మీ 60×90 కంబళి 55×83 దగ్గరికి వస్తుంది. పడుగు వైపు, పేక వైపు ఒకేలా తగ్గవు. రెండూ కొలవండి. 100కు 12 దాటితే బట్ట అట్టలా బిగుసుకుంటుంది, మోచెయ్యి మడవనివ్వదు, మళ్లీ వెనక్కి రాదు. కాబట్టి తక్కువ దగ్గరే ఆపడం మంచిది.

వేడినీళ్ల నుంచి తీసి ఒక్కసారిగా చల్లనీళ్లలో ముంచకండి. నీళ్ల వేడి క్రమంగా తగ్గించి జాడించండి. పిండేటప్పుడు మెలిపెట్టొద్దు. తడి కంబళి నాలుగైదు కిలోలు తూగుతుంది. తాడు మీద వేస్తే ఆ బరువుకే సాగి వంకర పోతుంది. నులక మంచం మీద దుప్పటి పరిచి, నాలుగు మూలలూ సమంగా సర్ది, నీడలో ఆరబెట్టండి. పూర్తిగా ఆరడానికి రెండు రోజులు. ఇక్కడ తిరుపతి వాతావరణం సంగతి చెప్పక తప్పదు: మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే. ముసురు పట్టిన వారంలో తడి ఊలు ఆరదు, కంపు కొడుతుంది. డిసెంబరు ప్రయాణానికైనా తడి పని సెప్టెంబరులోనే ముగించేయండి.

గుచ్చుకునే సంగతి కూడా ఇక్కడే. ఊలు పోగు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే లావుగా ఉంటే చర్మానికి ముల్లులా తగులుతుంది. కురుబలు నేసే దక్కనీ గొర్రె ఊలు కంబళ్లు ఈ కోవకే వస్తాయి. వాటికి పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు కాబట్టి మొదట్లో బిరుసుగా కూడా ఉంటాయి. గంజి నానబెడితే పోతుంది, పోగు లావు మాత్రం పోదు. మీ కంబళి ఏ రకమైనా సరే, మెడ పట్టీకి, మణికట్టు దగ్గర 3 అంగుళాలకు లోపలివైపు మెత్తని అస్తరు వేయండి. పాత పట్టుచీర ముక్క దీనికి చాలా మంచిది. మదనపల్లె వైపు నేసే సాదా పట్టులాంటిది, జరీ లేని భాగం చూసి తీసుకోండి. నూలు అస్తరు వద్దు. చెమటకు తడిసి అక్కడే చల్లగా అంటుకుంటుంది.

ఇప్పుడు కొలతలు. 55×83కు తగ్గిన బట్ట మీద, 38 ఛాతీకి ఇవి చాలు.

ఒళ్లు ముక్క ఒక్కటే: 26 అంగుళాల వెడల్పు, 66 పొడవు. ముందు వెనక కలిపి ఒకే ముక్క. భుజం మీద మడత వస్తుంది, కుట్టు ఉండదు. వీపు సంచీ పట్టీలు రోజంతా నొక్కేది సరిగ్గా భుజం మీదే కాబట్టి అక్కడ కుట్టు లేకపోవడం పెద్ద సుఖం. రెండు పక్కలా అర అంగుళం కుట్టులోకి పోతే చుట్టుకొలత 50 వస్తుంది, అంటే ఛాతీకి 12 అంగుళాల వదులు. ఎక్కువ అనిపిస్తుంది. తగ్గించకండి. లోపలి స్వెటరు, బట్ట మందం కలిసి అందులో సగం తీసుకుంటాయి. మడత నుంచి కిందికి 33 ఉంటుంది, ఒక అంగుళం అంచు మడిస్తే 32. కూర్చుంటే పిరుదుల కిందికి వచ్చేంత.

చేతులు రెండు: పై వెడల్పు 21 న్నర, పొడవు 22. పైనుంచి 4 న్నర అంగుళాలు తిన్నగా దింపి, అక్కడి నుంచి మణికట్టు దగ్గర 13 అయ్యేలా రెండు వైపులా వాలుగా కత్తిరించండి. వెడల్పు ఒళ్లు ముక్క కాబట్టి భుజం దాటి అప్పుడే కొంత చెయ్యి వచ్చి ఉంటుంది. అందుకే చెయ్యి ముక్క పొట్టిగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఒకటిన్నర అంగుళం అంచు మడిచాక కూడా సగం అరచెయ్యి కప్పుతుంది. పనిచేసేటప్పుడు బయటికి మడుచుకుంటాడు, చలిగాలికి దింపుకుంటాడు.

చంక ముక్కలు రెండు: 5×5 చదరాలు. ఈ చిన్న ముక్కలే మొత్తం చొక్కాకు ప్రాణం. ఇవి లేకుండా తిన్నగా కుట్టిన చొక్కా వేసుకుని చెయ్యి పైకెత్తితే, పక్కకుట్టు మొత్తం లేచి మూడు నాలుగు అంగుళాలు పొట్ట బయట పడుతుంది. కర్ర పట్టుకుని, రాయి పట్టుకుని ఎక్కేవాడికి అది గంటకు నూరుసార్లు జరుగుతుంది. చదరాన్ని కోణంగా తిప్పి, రెండు అంచులు చెయ్యి ముక్క అడుగు కుట్టులోకి, మిగతా రెండు అంచులు ఒంటి పక్కకుట్టులోకి పోయేలా పెట్టాలి.

ఇవి కాక జేబుకు 12×9, మెడ పట్టీకి 4 అంగుళాల వెడల్పు ముక్క, గొంతు చీలిక వెనక అడ్డుపట్టీకి 4×13. అన్నీ పోగా కంబళిలో మూడో వంతుకు పైనే మిగులుతుంది. దానితో ఒక జత చేతి తొడుగులు వస్తాయి. చొక్కా బరువు కిలోకు కాస్త అటూ ఇటూ ఉంటుంది.

సుద్దతో గీసి, పొరలు కలపకుండా ఒక్కో ముక్కా విడిగా కత్తిరించండి. రెండు పొరలు ఒకేసారి కత్తిరిస్తే కింది పొర జారి అర అంగుళం తేడా వస్తుంది.

మెడ రంధ్రం దగ్గర తొందరపడొద్దు. భుజం మడత మీద సరిగ్గా నడిమధ్యలో గుండ్రంగా కోస్తే చొక్కా వెనక్కి జారి, గొంతుకు ఉరి బిగించినట్టు పట్టేస్తుంది. మెడ ముందుకు ఉంటుంది కాబట్టి రంధ్రం కూడా ముందుకే ఉండాలి: వెడల్పు 7 అంగుళాలు, మడత నుంచి వెనక్కి ఒక్క అంగుళమే, ముందుకు 3. ముందు కాస్త చిన్నగానే కోసి, తొడిగి చూసి పెంచండి. ఆ తర్వాత ముందువైపు నడుమ 10 అంగుళాల చీలిక. చీలిక కొస దగ్గర బట్ట చినుగుతుంది, అందుకే లోపలివైపు చిన్న తోలు ముక్క గానీ కాన్వాస్ ముక్క గానీ పెట్టి చుట్టూ కుట్టండి. చీలిక వెనక ఆ 4×13 అడ్డుపట్టీని ఒక పక్కకు మాత్రమే కుడితే గాలి లోపలికి రాదు.

జిప్పు వద్దంటాం. ఊలు బట్ట సాగుతుంది, జిప్పు సాగదు. నాలుగుసార్లు వేసుకునే సరికి అలలు అలలుగా ముడుచుకుంటుంది. కాజాలు కూడా వద్దు. ఈ మందం కాజా మిషన్ పాదం కింద దూరదు, దూరినా నమిలేస్తుంది. చెక్క గుండీలు గానీ కొబ్బరిచిప్ప గుండీలు గానీ, అంగుళం వెడల్పువి మూడు తీసుకోండి. రెండో అంచుకు గట్టి నూలు తాడుతో ఉంగరాలు కుట్టండి. మంచులో లోహపు గుండీ వేళ్లకు చురుక్కుమంటుంది, తొడుగులు వేసుకున్న చేత్తో చిన్న గుండీ దొరకదు.

టోపీ విషయంలోనూ వద్దనే చెప్తాం. ఇంత బరువు బట్టతో కుట్టిన టోపీ వీపు మీద వేలాడి మెడను వెనక్కి లాగుతుంది, సంచీ పట్టీల కింద ఉండ కడుతుంది. 3 అంగుళాల నిలువు మెడ పట్టీ, విడిగా ఒక మంకీ క్యాప్ ఉంటే పని ఇంతకన్నా బాగా జరుగుతుంది. మెడ పట్టీ పొడవు అంచనా మీద కోయొద్దు. రంధ్రం ఖాయమయ్యాక దాని చుట్టూ టేపు నిలబెట్టి కొలిచి, ఒక అంగుళం కలపండి.

మీ టైలరు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. 11 నంబరు, 14 నంబరు సూదితో కుడితే విరుగుతుంది. రెండు పొరలకు 16, నాలుగు పొరలు కలిసే చోట 18 నంబరు సూది వేయండి. కానీ సూది విరగడానికి అసలు కారణం చాలాసార్లు మందం కాదు, వెనక నుంచి బట్టను లాగడం. లాగితే సూది వంగి ప్లేటుకు తగిలి విరుగుతుంది. బట్టను దాని నడకకు వదిలేయండి. దళసరి చోట కాళ్లు ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పండి. దారం పాలిస్టరు. నూలు దారం తడిసి ఆరి త్వరగా బలం తగ్గుతుంది. కుట్టు పొడవు పెంచి అంగుళానికి 6, 7 కుట్లు చాలు. దగ్గర కుట్టు వేస్తే బట్టకు చిల్లుల వరుస పడి, అక్కడే చినుగుతుంది.

పాదం ఒత్తిడి స్క్రూ వదులు చేయండి. లేకపోతే కింది పొరను పళ్లు వెనక్కి తీసుకుపోతుంటే పై పొర పాదానికి పట్టేసి ఆగిపోతుంది. కుట్టు చివరికి వచ్చేసరికి పైన అంగుళం బట్ట మిగిలిపోతుంది. దీనికి మందు టాకాలే: 3 అంగుళాలకు ఒకటి వేసి, నడుమ నుంచి ఒకవైపు, మళ్లీ నడుమ నుంచి రెండోవైపు కుట్టండి. గుండుసూదులు ఈ బొచ్చులో మునిగి కనిపించవు, ఒకటి లోపల ఉండిపోతే తమ్ముడికే గుచ్చుకుంటుంది. ప్రతి పెద్ద కుట్టు తర్వాత బాబిన్ కేసు తీసి పీచు దులపండి, లేదంటే కుట్లు తప్పడం మొదలవుతుంది.

కుట్టే వరుస ఇదీ: మెడ చీలిక, మెడ పట్టీ, జేబు ముందు. బట్ట చదునుగా ఉన్నప్పుడే ఇవి వీలు. జేబును ఛాతీ మీద, దాని అడుగు అంచు బొడ్డుకు 3 అంగుళాల పైన ఉండేలా పెట్టండి. కిందికి పెడితే సంచీ నడుము పట్టీ దాన్ని మూసేస్తుంది. తర్వాత చేతులు. చెయ్యి ముక్కను ఒంటి అంచు మీదికి అర అంగుళం ఎక్కించి, పక్కపక్కనే రెండు వరుసల కుట్టు వేయండి. చిక్కబరిచిన బట్ట పోగులు ఊడదు కాబట్టి మడత అక్కర్లేదు. జాకెట్లకు వేసినట్టు మడత కుట్టు వేస్తే ఆరు పొరలు కలిసి చంక కింద కట్టెలా ఒరుసుకుంటుంది. ఆపైన చంక ముక్కలు. వాటి మూలల దగ్గర ఎదురెదురు కుట్లు కలిసేచోట అర అంగుళం ఖాళీ వదిలి, దాన్ని చేత్తో మూయండి. చివరగా మణికట్టు నుంచి చంక, చంక నుంచి కింది దాకా ఒకే కుట్టు. ఇది మామూలుగా లోపలివైపు కుట్టి, అంచుల్ని రెండు వైపులా విప్పదీసి, తడిగుడ్డ మీద ఇస్త్రీ చేసి, చేత్తో హెమ్మింగ్‌లా పట్టించండి. కిందినుంచి 7 అంగుళాలు రెండు పక్కలా కుట్టకుండా వదిలేయాలి. అడుగు పెద్దగా వేయడానికి, ప్యాంటు జేబులో చెయ్యి పెట్టడానికి ఆ చీలికలు కావాలి.

తమ్ముడికి రెండు మాటలు కచ్చితంగా చెప్పండి. ఊలు తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చినా తడిసినట్టు తెలియదు, పైగా పీల్చేటప్పుడు కొంత వేడి ఇస్తుంది. అయితే ఇది వాన కోటు కాదు, గాలి కోటు కాదు. నేత సందుల్లోంచి ఎదురుగాలి నేరుగా లోపలికి వస్తుంది. కేదార్‌కంఠ శిఖరం 12,500 అడుగులు. అక్కడి గట్టు మీద, తెల్లవారుజామున, పైన ఒక పలుచని విండ్‌చీటరు లేకుండా ఈ చొక్కా ఒక్కటే చాలదు. అది చొక్కా పైన పట్టేంత వదులుగా ఉండాలి, కొనేముందు తొడిగి చూడమనండి. రెండోది, ఎక్కేటప్పుడు గుండీలు విప్పి, చేతులు మడిచి, అవసరమైతే చొక్కా తీసి సంచీకి కట్టుకోవాలి. ఎక్కుతూ చెమటకు తడిసినవాడే ఆగినచోట వణుకుతాడు.

ముందుగా ఒక పరీక్ష నడక పెట్టండి. తిరుపతిలో జనవరిలోనైనా ఈ చొక్కాకు చెమటలే పడతాయి, ఏమీ తెలియదు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. హార్సిలీ హిల్స్ 1,265 మీటర్లు, అంటే మనకంటే దాదాపు 7 డిగ్రీలు చల్లన. నవంబరులో ఒక రాత్రి అక్కడుండి, తెల్లవారుజామున పూర్తి బరువు సంచీ వేసుకుని రెండు గంటలు నడవమనండి. మెడ వెనక ఎక్కడ ఒరుసుకుంది, చెయ్యెత్తితే ఎక్కడ పట్టింది, సంచీ పట్టీ కింద ఎక్కడ మడత పడింది అన్నది సుద్దముక్కతో ఆ చోటే గుర్తు పెట్టుకుని రావాలి. ఇంటికి వచ్చాక ఆ గుర్తుల దగ్గర మాత్రమే కుట్టు విప్పి సరిచేయండి.

తిరిగొచ్చాక ఉతకడానికి తొందరపడొద్దు. పొడి బ్రష్షుతో దులిపి ఒక రోజు గాలికి ఆరేస్తే వాసన పోతుంది. తప్పనిసరైతే చల్లనీళ్లు, కుంకుడు రసం, రుద్దకుండా ముంచి తీయడం. మన ఊరి వేడికి ఊలు పురుగు ఏడాది పొడవునా బతుకుతుంది. మడిచిపెట్టే ముందు బాగా ఎండబెట్టి, మూత గట్టిగా పట్టే ట్రంకు పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు గుడ్డలో కట్టి వేసి, మూడు నెలలకోసారి తీసి దులిపి మళ్లీ పెట్టండి.